జమ్ము పెట్టె ప్రక్కన నిలిచిన అక్క

ధ్యాన వాక్యము: నిర్గమకాండము 2:1–10



 కర్ణాటకలోను, తమిళనాడులోను, ఒడిశాలోను, మహారాష్ట్రలోను తరతరాలుగా కాపురముండి, ఇంట తెలుగు, వీధిలో ఆ యా రాష్ట్ర భాష మాట్లాడుకొనుచు, ఆదివారమున తెలుగు వాక్యము కొరకు కూడుకొనుచున్న మీకు ఇది వ్రాయుచున్నాము. ఈ నెల ఒక పసిబిడ్డను గూర్చియు, ఒక పెట్టెను గూర్చియు, ఆ పెట్టె దగ్గర నిలిచిన ఒక ఆడపిల్లను గూర్చియు మీతో కలిసి ధ్యానించగోరుచున్నాము. దానితోపాటు మేము ఒప్పుకొనవలసిన తప్పిదము ఒకటి ఉన్నది. దానిని కూడ దాచక వ్రాయుచున్నాము.

మా తప్పిదము

అది 1996వ సంవత్సరము. కర్ణాటకలోని మా సంఘములో ఒక యౌవన కుటుంబమునకు తొలి కాన్పు. భర్తకు రైల్వే వర్క్‌షాపులో పని. అమ్మాయి ప్రకాశం జిల్లా పల్లె నుండి పెండ్లియై వచ్చి రెండేండ్లు కాలేదు. పురిటికి పుట్టింటికి తీసికొనిపోవలెనని తల్లిదండ్రులు రైలు టిక్కెట్లు కొని పెట్టుకొనియుండగానే నొప్పులు వచ్చినవి. నెలలు నిండక ఆడపిల్ల పుట్టినది. బరువు కిలోన్నర కంటె తక్కువ. బిడ్డను వెంటనే లోపలి గదికి తీసికొనిపోయి గాజు పెట్టెలో ఉంచిరి. తల్లిని వేరొక అంతస్తులో పడుకొనబెట్టిరి.

మూడవ నాటి నుండి ఆ తల్లి ఆ గది బయట బల్లమీద కూర్చుండెను. వచ్చిపోవు నర్సులు ఏమి చెప్పుకొనుచున్నారో ఆమెకు తెలియదు. ఆమెకు కన్నడము రాదు. ఆమె రొమ్ములు గట్టిపడి, పాలు కారి చీర తడియుచుండగా లోపల బిడ్డకు డబ్బాపాలు పట్టుచుండిరి. మేము ప్రతి సాయంకాలము వెళ్ళితిమి. కీర్తన చదివితిమి. ప్రార్థన చేసితిమి. "అమ్మా, ఓర్చుకో. దేవుని చేతికి, డాక్టర్ల చేతికి అప్పగించి నిమ్మళముగా ఉండు" అని చెప్పి ఇంటికి వచ్చితిమి. పదకొండవ దినమున బిడ్డ పోయినది. గుడ్డలో చుట్టి చేతికిచ్చినప్పుడు ఆ తల్లి మాతో ఒకే మాట అన్నది: "అయ్యగారూ, వెచ్చగా ఉన్నప్పుడు ఒక్కసారైనా ఎత్తుకోలేకపోయానండి."

ఆసుపత్రి వారిని నిందించుటకు ఇది వ్రాయుటలేదు. బయటి మనుష్యులు లోపలికి వచ్చినయెడల పసివారికి అంటురోగములు సోకునని ఆ కాలమున చాల ఆసుపత్రులలో తల్లిదండ్రులను అద్దము బయటనే నిలుపుచుండిరి. ఆ నర్సులు రాత్రింబగళ్ళు కష్టపడిరి. మా ప్రశ్న వారికి కాదు, మాకు. మాకు కన్నడము వచ్చును. పాస్టరుగారని అక్కడి వారు మమ్మును గౌరవించుచుండిరి. అయినను ఆ పదకొండు దినములలో "ఈ తల్లి చేతులు కడుగుకొని లోపలికి రావచ్చునా? ఆమె పాలు బిడ్డకు పట్టవచ్చునా?" అని మేము ఒక్కసారియు అడుగలేదు. అడిగినయెడల కాదని చెప్పియుందురేమో. బిడ్డ అయినను బ్రతికియుండకపోవునేమో. కాని అడుగకపోవుట మా తప్పిదము. ఓర్చుకొమ్మని చెప్పుట సులభము గనుక దానినే ఆదరణ అనుకొంటిమి.

ఫరో కుమార్తెకు లేనిది

ఇప్పుడు వాక్యమునకు వచ్చెదము. హెబ్రీయులకు పుట్టిన ప్రతి మగబిడ్డను నదిలో పారవేయవలెనని ఫరో ఆజ్ఞాపించిన దినములవి. మోషే తల్లి బిడ్డను మూడు నెలలు దాచెను. నిర్గమకాండము 6:20 ఆమె పేరు యోకెబెదు అనియు, తండ్రి పేరు అమ్రాము అనియు తెలుపుచున్నది. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11:23 ఈ దాచుటను తల్లిదండ్రులిద్దరి విశ్వాసముగా లెక్కించుచున్నది. బిడ్డను కాపాడుట తల్లి పని మాత్రమే అని వాక్యము చెప్పుటలేదు.

ఇక దాచలేని దినము వచ్చినప్పుడు ఆ తల్లి జమ్ము పెట్టెకు కీలు పూసి, బిడ్డను అందులో పెట్టి, ఏటి ఒడ్డున ఉంచెను. ఇక్కడ మూడు సంగతులు గమనించుడి.

మొదటిది, ఆ పెట్టెను సిద్ధపరచినది తల్లియే. నీళ్ళు చొరకుండ పూత పూసినది ఆమె చేతులే. కాబట్టి బిడ్డను పెట్టెలో ఉంచుట అవిశ్వాసము కాదు. నేటి గాజు పెట్టె, ఆక్సిజను గొట్టము, సెలైను సూది, ఇవన్నియు పూత పూసిన పెట్టె వంటివే. "ప్రార్థన చేసికొందము, ఆసుపత్రి వద్దు" అని చెప్పువారికి యోకెబెదు జవాబిచ్చుచున్నది.

రెండవది, ఫరో కుమార్తెకు కనికరము కలిగెను. ఆమెకు అధికారమున్నది, ధనమున్నది, పనికత్తెలున్నారు. ఆమెకు లేనిది ఒక్కటే: పాలు. ఏడ్చుచున్న బిడ్డకు రాజభవనములో సమస్తము దొరకును గాని తల్లి రొమ్ము దొరకదు. ఆమె ఆ సంగతి ఒప్పుకొని, బిడ్డను పాలిచ్చి పెంచుమని ఒక హెబ్రీ స్త్రీకి అప్పగించి, జీతము కూడ ఇచ్చెదనని చెప్పెను. ఆ స్త్రీ బిడ్డను కన్న తల్లియే! రాజభవనమునకును తల్లి కావలసివచ్చెను. తల్లికిని రాజభవనపు నీడ కావలసివచ్చెను. ఇద్దరు కలిసినప్పుడు బిడ్డ బ్రతికెను.

మూడవది, ఆ ఇద్దరిని కలిపినది ఎవరు? దూరముగా నిలిచి చూచుచున్న అక్క. ఈ అధ్యాయములో ఆమె పేరైనను లేదు. ఆమె చేసినది ఒక ప్రశ్న అడుగుట మాత్రమే. పాలిచ్చు దాదిని పిలుచుకొని రమ్మందురా అని రాజకుమార్తెను మర్యాదగా అడిగెను. గద్దింపు లేదు, గొణుగుట లేదు. సమయమునకు తగిన ఒక ప్రశ్న. 1996లో మేము అడుగని ప్రశ్న అదే.

వైద్యులు నేర్చుకొన్న పాఠము

ఫరో కుమార్తె గ్రహించిన దానిని ఈ కాలపు వైద్యశాస్త్రమును కొంచెము కొంచెముగా గ్రహించుచు వచ్చినది. 1978లో కొలంబియా దేశపు రాజధానియైన బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా అను వైద్యుడు, గాజు పెట్టెలు చాలక, ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురు బిడ్డలను ఉంచవలసి వచ్చి, అంటురోగములతో వారు చనిపోవుట చూచి, బిడ్డను తల్లి రొమ్ముమీదనే వస్త్రముతో కట్టి ఉంచు పద్ధతిని మొదలుపెట్టెను. కంగారూ తన పిల్లను సంచిలో మోయును గనుక దీనికి కంగారూ సంరక్షణ అని పేరు వచ్చెను. 1979లో ఎస్టోనియా దేశపు టాలిన్ నగరములో డాక్టర్ ఆదిక్ లెవిన్ తల్లులనే ఆసుపత్రిలో రాత్రింబగళ్ళు ఉంచి, నర్సుల సహాయముతో వారి బిడ్డలను వారే చూచుకొనునట్లు ఏర్పాటుచేసెను. ఈ రెండును లేమిలో పుట్టిన పద్ధతులే. మన దేవుడు లేమిలో నుండి మేలు పుట్టించువాడు.

ఆ తరువాత చాలకాలము బిడ్డ పరిస్థితి కుదుటపడిన పిమ్మటనే తల్లి రొమ్ముమీద ఉంచవలెనని చెప్పుచుండిరి. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండియా, ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా దేశములలో ఒక పెద్ద పరిశోధన జరిపినది. మన దేశములో అది ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో జరిగెను. ఒక కిలో నుండి 1.8 కిలోల లోపు బరువుగల 3 వేలకు పైగా బిడ్డలు అందులో ఉండిరి. పుట్టిన వెంటనే తల్లి రొమ్ముమీద ఉంచి, తల్లిని కూడ బిడ్డతో ఒకే గదిలో ఉంచి చికిత్స చేసినప్పుడు 28 దినముల లోపల నూటికి 12 మంది చనిపోయిరి. పాత పద్ధతిలో నూటికి దాదాపు 16 మంది చనిపోయిరి. తేడా ఇంత స్పష్టముగా కనబడినందున పరిశోధనను ముందుగానే ఆపివేసిరి. ఈ ఫలితములు 2021లో ప్రచురింపబడెను. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, నెలలు నిండని బిడ్డలకు పుట్టిన వెంటనే ఈ సంరక్షణ ప్రారంభించవలెననియు, దినమునకు 8 గంటలకు తక్కువ కాకుండ, వీలైనంత ఎక్కువసేపు చేయవలెననియు, ఆసుపత్రి సంరక్షణలో కుటుంబమును పాలుపొందనియ్యవలెననియు సలహా ఇచ్చెను.

మన దేశ ప్రభుత్వము అంతకు ముందే, 2017లో, కుటుంబ భాగస్వామ్య సంరక్షణ అను పేరుతో మార్గదర్శకములను విడుదల చేసినది. ప్రభుత్వ ఆసుపత్రులలోని నవజాత శిశువుల ప్రత్యేక విభాగములలో తల్లిదండ్రులకు చేతులు కడుగుకొనుట, బిడ్డను తాకుట, పాలు పిండి పట్టుట, కంగారూ సంరక్షణ చేయుట, ఇంటికి పోయిన తరువాత జాగ్రత్తలు, ఇవి నేర్పి బిడ్డ సంరక్షణలో చేర్చుకొనవలెనని అందులో ఉన్నది. కాబట్టి "మేము లోపలికి రావచ్చునా?" అని అడుగుట డాక్టరును ఎదిరించుట కాదు. 2011 జూన్ 1న ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రకారము ప్రభుత్వ ఆసుపత్రులలో జబ్బుపడిన నవజాత శిశువులకు చికిత్స, మందులు, పరీక్షలు, రక్తము ఉచితము. డబ్బు లేదని భయపడి బిడ్డను ఇంటికి తీసికొనిపోవద్దు.

తల్లిదండ్రులకు మా మనవి

నెలలు నిండక, అనగా 37 వారములు పూర్తికాక ముందు, లేక రెండున్నర కిలోల కంటె తక్కువ బరువుతో మీకు బిడ్డ పుట్టినయెడల కలతపడకుడి.

డాక్టరును, నర్సును మర్యాదగా అడుగుడి: బిడ్డను ఎప్పుడు తాకవచ్చును? రొమ్ముమీద ఎప్పుడు ఉంచుకొనవచ్చును? పాలు పిండి ఎన్ని గంటలకొకసారి ఇయ్యవలెను? ఈ దినము బరువెంత? వారు కాదన్నప్పుడు కారణము తెలిసికొని, మరునాడు మరల అడుగుడి.

లోపలికి పోవునప్పుడు గాజులు, ఉంగరములు, గడియారము తీసివేసి, మోచేతుల వరకు సబ్బుతో కడుగుకొనుడి. దగ్గు, జలుబు, జ్వరము ఉన్నయెడల ముందుగా నర్సుకు చెప్పుడి.

రొమ్ముమీద ఉంచుకొనునప్పుడు బిడ్డకు టోపీ, మేజోళ్ళు, లంగోటీ చాలును. బిడ్డ ఒంటికి తల్లి ఒళ్ళు తగులవలెను. బిడ్డను నిలువుగా, కాళ్ళు కప్పవలె మడిచి, ముక్కు మూసుకొనిపోకుండ తలను ఒక ప్రక్కకు త్రిప్పి, వస్త్రముతో కట్టుకొనవలెను. మొదటిసారి నర్సు దగ్గరనుండి చూపింపగా నేర్చుకొనుడి.

మొదటి ముర్రుపాలు పారబోయకుడి. చప్పరించు బలము లేని బిడ్డకు నర్సులు గొట్టము ద్వారా పట్టుదురు. తరువాత ఉగ్గుగిన్నెతో పట్టుట మీకు నేర్పుదురు. ఉగ్గుగిన్నె మన అమ్మమ్మల చేతిలోని వస్తువే గదా! అయితే తేనె, పంచదార నీళ్ళు, ఆముదము మాత్రము పట్టవద్దు.

సహోదరులారా, తండ్రులారా, ఇది ఆడవారి వ్యవహారమని బయట టీకొట్టు దగ్గర నిలిచిపోకుడి. మీ రొమ్ము కూడ వెచ్చనిదే. కాన్పు ఆపరేషనై తల్లి లేవలేనప్పుడు చొక్కా విప్పి బిడ్డను మీరు మోయవచ్చును. ఆడబిడ్డ అని ఖర్చుకు వెనుకాడు మాట మన ఇండ్లలో వినబడకుండును గాక.

ఇంటికి వచ్చిన తరువాత బిడ్డ పాలు త్రాగక మానినను, ఒళ్ళు చల్లబడినను, జ్వరము వచ్చినను, వేగముగా ఊపిరి తీసికొనినను, డొక్కలు ఎగురవేసినను, ఒళ్ళు పచ్చబడినను, కదలిక తగ్గినను, ఫిట్స్ వచ్చినను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవుడి. చెప్పిన తేదీకి తప్పక చూపించుకొనుడి.

సంఘమునకు మా మనవి

మనము పరాయి భాషల నడుమ నివసించుచున్నాము. మనలో తరతరాలుగా ఉన్నవారికి కన్నడము, తమిళము, ఒరియా, మరాఠీ వచ్చును. నిన్న మొన్న పెండ్లియై వచ్చిన కోడలికి రాదు. ఆసుపత్రిలో ఆమె చెవిటిదానివలె కూర్చుండును. ఆమెకు ఇప్పుడు కావలసినది ఆ అక్క. మన స్త్రీల సమాజము ప్రతి పట్టణములో ఇద్దరిని ఏర్పరచుకొనవచ్చును గదా! డాక్టరు రౌండ్సుకు వచ్చు వేళ అక్కడ ఉండి, ఆయన చెప్పినది తల్లికి తెలుగులో చెప్పి, తల్లి అడుగలేనిది ఆయనను అడుగుటకు ఇద్దరు చాలును. మరి కొందరు ఆ తల్లికి వేడి అన్నము, పప్పు క్యారియరులో పంపవచ్చును. ఇంటిదగ్గరి పెద్దపిల్లలను చూచుకొనవచ్చును. యౌవనస్థులు రక్తమిచ్చుటకు సిద్ధపడవచ్చును. తల్లి దినమంతయు బిడ్డ దగ్గర ఉండవలెనంటే ఆమె ఇంటి పని ఇంకొకరు చేయవలెను. ఇది కూడ సువార్త పరిచర్యయే.

కొన్ని మానవలసినవి ఉన్నవి. పదిమంది గుంపుగా వెళ్ళి ఆ గదిముందు పెద్ద స్వరముతో పాడవద్దు. ప్రార్థన నూనె అని బిడ్డకు రాయవద్దు. ఆ చర్మము మిక్కిలి పలుచనిది. "ఏ పాపము వలన ఇట్లు జరిగెనో" అని గుసగుసలాడవద్దు. పుట్టు గ్రుడ్డివాని విషయములో శిష్యులు అట్టి ప్రశ్నయే అడుగగా ప్రభువు ఏమి జవాబిచ్చెనో యోహాను 9వ అధ్యాయములో చదువుకొనుడి. పురుడు, మైల అని తల్లిని బిడ్డ దగ్గరకు పోనియ్యని ఆచారమునకు క్రీస్తు ఇంట చోటు లేదు. శిశు ప్రతిష్ఠకు తొందరపడవద్దు. బిడ్డ బరువు పెరిగిన తరువాత సంఘము ముందుకు తీసికొనిరావచ్చును. మరియమ్మ యోసేపులు కూడ శుద్ధి దినములు నెరవేరిన తరువాతనే బిడ్డను దేవాలయమునకు తెచ్చిరి గదా.

తలుపు దగ్గర నిలిచినది

2023లో మా సంఘములోనే మరల అట్టి కాన్పు జరిగెను. అనంతపురము వైపు నుండి పనికొరకు వచ్చిన దంపతులు. నెలలు నిండని మగబిడ్డ, కిలో ఆరువందల గ్రాములు. తల్లికి కన్నడము రాదు. కబురు విన్న సాయంకాలమే మేము బయలుదేరుచుండగా ఒక సహోదరి, "అయ్యగారూ, అమ్మగారూ, నేనూ వస్తాను" అని బండి ఎక్కెను. ఆమె ఎవరో మీరు గ్రహించియుందురు. 1996లో ఆ బల్లమీద కూర్చుండిన తల్లియే. తరువాత ప్రభువు ఆమెకు ఇద్దరు పిల్లలనిచ్చెను. ఇప్పుడు ఆమె సండేస్కూలు టీచరు. కన్నడము మాకంటె చక్కగా మాట్లాడును.

ఆమె ఆ గది తలుపు దగ్గరకు పోయి నర్సుతో మెల్లగా కన్నడములో అడిగెను: "సిస్టర్, ఈ బిడ్డ తల్లి చేతులు కడుక్కుని లోపలికి రావచ్చా? పాలు పిండి ఇస్తే పడతారా?" నర్సు, "మేమే పిలవాలనుకుంటున్నాము, ఆమెకు మా మాట అర్థము కావడము లేదు" అన్నది. ఆ రాత్రియే తల్లి బిడ్డను తాకెను. రెండు దినముల తరువాత రొమ్ముమీద కట్టుకొనెను. రాత్రివేళ కొన్ని గంటలు తండ్రి మోసెను. మన సహోదరికి లోపలికి పోవుటకు అనుమతి లేదు. ఆమె ప్రతి ఉదయము రౌండ్సు వేళకు వచ్చి, తలుపు దగ్గర నిలిచి, మాట అటు ఇటు చేరవేసి వెళ్ళుచుండెను. 24వ దినమున బిడ్డ ఇంటికి వచ్చెను.

తల్లి దగ్గరనున్న ప్రతి బిడ్డ బ్రతుకునని మేము చెప్పజాలము. అట్లు వాగ్దానము చేయుట సత్యము కాదు. తల్లి రొమ్ముమీద ఉన్న బిడ్డ కూడ కొన్నిసార్లు ప్రభువునొద్దకు వెళ్ళును. అయితే ఆ తల్లి దుఃఖములో "ఎత్తుకోలేకపోయాను" అను ముల్లు ఉండకూడదు. దానిని తీసివేయుట మన చేతిలోనున్న పని.

ఆ బిడ్డ ప్రతిష్ఠ దినమున ఆమెను ముందుకు పిలిచి, సంఘమంతటి యెదుట మా తప్పిదమును ఒప్పుకొంటిమి. ఆమె మా మాట మధ్యలోనే, "ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు లెండి అయ్యగారూ" అని బిడ్డను ఎత్తుకొనెను. ఆమె క్షమించినది. క్షమాపణ పొందినవారము గనుక మరల ఆ తప్పిదము చేయకుండునట్లు ఈ మాటలు మీకు వ్రాయుచున్నాము.

తల్లి తన చంటిబిడ్డను మరచునా అని అడిగి, ఆమె మరచినను తాను మరువనని సీయోనుతో చెప్పిన దేవుడు (యెషయా 49:15) తన ప్రేమను పోల్చుటకు తల్లి ఒడినే ఎంచుకొనెను. అట్టి ఒడిని బిడ్డకు దూరము చేయక దగ్గర చేయు సంఘముగా మనలను ఆయన చేయును గాక.

ప్రార్థింతము: పరలోకపు తండ్రీ, ఈ దినమున గాజు పెట్టెలలో ఉన్న పసిబిడ్డలను, బయట కూర్చుండిన తల్లులను, నిద్రలేక పనిచేయు నర్సులను, డాక్టర్లను నీ చేతికి అప్పగించుచున్నాము. అడుగవలసిన ప్రశ్న అడుగుటకు మా నోళ్ళు తెరువుము. దూరముగానైనను విడువక నిలుచుటకు మా కాళ్ళకు బలమిమ్ము. బేత్లెహేములో పశువుల తొట్టిలో పరుండిన నీ కుమారుని నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.